మునగాకు గలగలలాడేదాకా

హిమాయత్ సాగర్ కట్ట మీద వెలుతురు పరుచుకోకముందే మా అత్తమ్మ సల్ల చిలకడానికి కూర్చుంటుంది. పొద్దెక్కిందా, ఇక ఆ రోజుకు ఆ పని లేనట్టే. "ఎండ వొచ్చినంక చిలికితే ఎన్న గడ్డకట్టది బిడ్డా, సల్లలనే కలిసిపోతది" అంటుంది. అటు ఔటర్ రింగు రోడ్డు మీద లారీల హోరు, నెత్తి మీద శంషాబాద్‌లో దిగే విమానాల మోత. వాటి నడుమ గుంజకు కట్టిన కవ్వం బుడుంగు బుడుంగుమని తిరుగుతూ ఉంటుంది. విమానం పోతున్నంతసేపూ ఆమె తాడు పట్టుకుని ఊరికే కూర్చుంటుంది. అలుపు తీర్చుకుంటోందని చాలాకాలం అనుకున్నాను. కాదట. ఆ మోతలో కుండ చప్పుడు వినపడదు. వినపడకపోతే వెన్న ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. అందుకని ఆపుతుంది.

విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంటే ఇన్నేళ్ళుగా ఆమె చిలుకుడుకు మధ్యలో ఈ విరామాలున్నాయి. నేను రాయదలచుకున్నది ఆ చెవి గురించి, ఆ చేతి గురించి.

ముందు ఊరి సంగతి రెండు ముక్కలు. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మళ్ళీ అట్లాంటిది రాకుండా కట్టించిన రెండు జలాశయాల్లో ఇది రెండోది. మొదటిది 1920లో పూర్తయిన గండిపేట. ఈసీ వాగు మీద కట్టిన ఈ చెరువు 1927లో పూర్తయింది. ఏడో నిజాం తన కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు దీనికి పెట్టాడు. పట్నం దాహం తీర్చడానికి కట్టిన చెరువే గాని, ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడే శిఖం భూమిలో మొలిచే గడ్డి చుట్టుపక్కల బర్రెలకు దక్కింది. 1996లో 111 జీవో వచ్చి, రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలకు అడ్డు పడింది. 2022లో ప్రభుత్వం ఇంకో జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. ఆ పాతికేళ్ళు గడిచే లోపు గచ్చిబౌలిలో పశువుల కొట్టాలు అద్దాల మేడలయ్యాయి. ఇక్కడ మాత్రం అక్కడక్కడ కొట్టాలు కొట్టాలుగానే మిగిలాయి. మా అత్తమ్మ దగ్గర ఇప్పుడున్నవి రెండు బర్రెలు.

ఇక పనిలోకి వెళ్దాం.

చిలకడం తెల్లవారుజామున మొదలవుతుందని పైకి కనిపిస్తుంది గాని, అసలు పని ముందురోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. ఆమె చిన్నతనంలో దాలిలో పిడకల మీద పాలకుండ పెట్టి పొద్దంతా కాగనిచ్చేవారట. మంట కనపడదు, పొగ మాత్రం సన్నగా లేస్తుంది. పాలు ఎర్రబారి, పైన అరచేయి మందాన మీగడ కట్టేది. ఇప్పుడు దాలి లేదు, గ్యాసు పొయ్యి సన్న సెగ మీద గంటన్నర. కాగిన పాలను ఆమె మూత పెట్టకుండా దింపి, వేలు ముంచి చూసి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తుంది. నాలుగు లీటర్ల పాలకు వేసే తోడు రెండు చెంచాలు మించదు. ఎండాకాలంలో అదీ సగమే. తోడు ఎక్కువైతే పెరుగు త్వరగా పులుస్తుంది. పులిసిన పెరుగులో వెన్న తేలిగ్గానే వస్తుంది గాని, నెయ్యిలో ఆ పులుపు వాసన చివరిదాకా వదలదు. పెరుగు తోడుకోవాలి, పులుపెక్కీ ఎక్కనట్టుండాలి, సరిగ్గా ఆ ఘడియకు తెల్లవారాలి. ఎంత తోడుకు ఎన్ని గంటలో ఆమె లెక్క రాసుకోలేదు. గోడ నీడను బట్టి, ఆ రాత్రి ఉక్కపోతను బట్టి చెంచా నిండుతుంది, తగ్గుతుంది.

కుండ కింద గడ్డితో పేనిన చుట్టకుదురు. కుండ మెడ లోపలి అంచు వేళ్ళు తగిలి తగిలి నున్నబడింది. కవ్వం ఆమె అత్తగారి కాలం నాటిది. ఎనిమిది రెక్కలు చీల్చిన తల, విచ్చీ విచ్చని మొగ్గలాగుంటుంది. రెండు రెక్కల చివర్లు అరిగిపోయి పొట్టివైపోయాయి. కర్ర మీద తాడు చుట్టే చోట వేలెడు వెడల్పున గాడి పడింది. చిత్రమేమిటంటే ఆ గాడి నిలువునా సమంగా లేదు, ఒక పక్క లోతు, ఒక పక్క తేలిక. కుడిచేత్తో లాగేటప్పుడు బలం ఎక్కువ పడుతుందన్నమాట. ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే గుంజ, ఒకే వైపు కూర్చోవడం. కవ్వం మీద చేవ్రాలు అదే.

మొదట్లో తాడు లాగుడు నింపాదిగా ఉంటుంది. గడ్డపెరుగును విరగ్గొట్టడమే అప్పటి పని. చప్పుడు లోతుగా, బరువుగా, నిండు కుండలో చెంబు ముంచినట్టు. పది నిమిషాలకు నురుగు పొంగి కుండ మెడదాకా వస్తుంది. చప్పుడు పలచబడి గాలి పీల్చినట్టవుతుంది. ఇక్కడే కొత్తవాళ్ళు కంగారుపడి జోరు పెంచుతారు, నేనూ పెంచాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "గింత తొందరెందుకు? అది రావాల్నంటే వొస్తది. నువ్వు గుంజితే రాదు." తర్వాత ఒక్కసారిగా నురుగు కుంగిపోతుంది. చప్పుడులో తడి పెరుగుతుంది, నీళ్ళు తొణికినట్టు గలగలమంటుంది. కవ్వం కర్రకు అప్పటిదాకా తెల్లగా అంటుకున్న పెరుగు పూత జారిపోయి, దాని చోట రవ్వ లాంటి పలుకులు కనపడతాయి. అవి వెన్నపూసలు. ఆ క్షణాన ఆమె కవ్వం ఆపి, చెంబెడు చన్నీళ్ళు కుండ అంచు వెంట జారవిడుస్తుంది. చలికాలమైతే అవే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. తర్వాత నాలుగైదు లాగుళ్ళు, అవీ నిద్రలో ఉన్న బిడ్డ ఉయ్యాల ఊపినంత మెల్లగా. పూసలన్నీ ఒకచోట చేరి ముద్దవుతాయి.

ఇందులోని కిటుకు పాలశాస్త్రం వాళ్ళు చక్కగా చెబుతారు. పాలలో కొవ్వు సన్నని బొట్లుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో బొట్టు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు మూడు నాలుగు రెట్లు. ప్రతి బొట్టు చుట్టూ పల్చటి పొర ఉంటుంది గనక ఒకదానికొకటి అంటుకోవు. కవ్వం ఆ పొరలను చీలుస్తుంది, నురుగులోని గాలి బుడగలు బొట్లను పక్కపక్కకు చేరుస్తాయి. కానీ బొట్టులోని కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్నప్పుడే అవి అతుక్కుంటాయి. మరీ వెచ్చనైతే కొవ్వంతా నూనెలా జారి సల్లలోనే కలిసిపోతుంది. మరీ చల్లనైతే గులకరాళ్ళలా తాకి దూరం జరుగుతాయి. అత్తమ్మ పోసే చెంబెడు నీళ్ళు ఆ వేడిని సరిదిద్దడానికే. నీళ్ళలో కొవ్వు తేలుతున్న పాలు, కొవ్వులో నీరు దాగిన వెన్నగా తిరగబడే ఆ ఘడియను ఆమె చెవితో పట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు అదే జోరున చిలికితే ముద్ద సల్లను, గాలిని మింగి జిగురుగా తయారవుతుంది. ఎంత కడిగినా వదలదు. ఆపడం తెలియని చెయ్యి అక్కడ దొరికిపోతుంది.

వెన్న తీయడం ఇంకో విద్య. ముందు చెయ్యి చన్నీళ్ళలో ముంచాలి. పొడిచేతికి వెన్న అంటుకుంటుంది, తడిచేతి మీద జారుతుంది. దోసిలి కుండలోకి పోనిచ్చి ముద్దను కింది నుంచి ఎత్తి, రెండు అరచేతుల మధ్య బంతిలా ఎగరేస్తూ నీళ్ళు పిండుతుంది. తర్వాత గిన్నెలో చన్నీళ్ళు పోసి కడుగుతుంది. మొదటి నీళ్ళు తెల్లగా, రెండోవి మబ్బుగా, మూడోవి తేటగా. నీళ్ళు తేటపడేదాకా వదలదు. కడగడం సరిగా లేకపోతే లోపల మిగిలిన సల్ల రెండ్రోజుల్లో పులిసి వెన్న కంపు కొడుతుంది. కాచినప్పుడు అడుగున గసి ఎక్కువై మాడుతుంది. నాలుగు లీటర్ల పెరుగుకు పావుకిలో పైచిలుకు వెన్న ఆమెకు రావాల్సిందే. తక్కువ వస్తే బర్రెను తిట్టదు, పెరుగును తిట్టదు, "ఇయ్యాల నా చెయ్యి బాగలేదు" అంటుంది.

ఆ వెన్న తెల్లగా, పావురాయి రెక్క లోపలి రంగులో ఉంటుంది. దుకాణం వెన్న పసుపుపచ్చగా ఉంటుంది కదా అని కొత్తగా చూసినవాళ్ళు అనుమానపడతారు. గడ్డిలోని పసుపు రంగును బర్రె తన ఒంట్లోనే ఏ విటమినుగా మార్చేస్తుంది, పాలలోకి వదలదు. ఆవు కొంత వదిలేస్తుంది. అందుకే ఆవు వెన్నకు పసుపు ఛాయ. ఇక పెట్టెల్లో వచ్చే వెన్నకు చాలాసార్లు ఆ రంగు జాఫ్రా గింజల నుంచి వస్తుంది, ఉప్పు వేరే. అది తప్పేమీ కాదు, చట్టం ఒప్పుకున్నదే. తెల్లవెన్నను చూసి కల్తీ అనుకోవద్దని మాత్రమే నా మాట.

సల్ల ఇరుగుపొరుగుకు పోతుంది. అమ్మరు. ఊళ్ళో సల్ల అమ్మడం ఇప్పటికీ నామోషీ. గిన్నె తెచ్చుకుని మొహమాటపడే పక్కింటి కొత్త కోడలికి అత్తమ్మ చెప్పేది ఒకటే మాట: "సల్లకొచ్చి ముంత దాస్తవెందుకు, ఇటియ్యి."

కాచడం రోజూ ఉండదు. మూడు నాలుగు చిలుకుళ్ళ వెన్న చేరాక, ఆదివారం. మందపాటి అడుగున్న గిన్నె, సన్న సెగ. వెన్న కరిగి, తెల్లని నురుగు కట్టి, లోపల చిటపట మొదలవుతుంది. ఆ చిటపట నీటిది. వెన్నలో నూటికి పదహారు పాళ్ళదాకా నీరుంటుంది. అదంతా ఆవిరై పోయేదాకా గిన్నె నూరు డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. నీరు అయిపోగానే చప్పుడు అణిగిపోతుంది, వేడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. తెల్లగా తేలిన పలుకులు అడుక్కి దిగి, ముందు లేత గోధుమ రంగు, ఆపై ఎరుపు. నెయ్యికి కమ్మదనం వచ్చేది ఈ రెండు మూడు నిమిషాల్లోనే, మాడిపోయేదీ ఈ రెండు మూడు నిమిషాల్లోనే. పాలలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసి చేసే పని అది. రొట్టె పైపొర ఎర్రబడినప్పుడు వచ్చే వాసనకూ ఇదే మూలం.

ఇక్కడ అత్తమ్మ థర్మామీటరు మునగాకు. చిటపట తగ్గుముఖం పట్టగానే ఒక రెమ్మ దూసి గిన్నెలో వేస్తుంది. ఆకు ముందు వాడిపోయి మెత్తగా తేలుతుంది. దానిలోని తడి కూడా బుడగలుగా పోవాలి. గరిటెతో కదిపితే ఆకులు గిన్నె అంచుకు తగిలి గలగలమనాలి, ఎండుటాకు మీద అడుగేసినట్టు. అప్పుడు పొయ్యి ఆర్పేస్తుంది. ఆకు కరకరలాడిందంటే గిన్నెలో నీటిచుక్క మిగల్లేదని అర్థం. నెయ్యి నెలల తరబడి చెడకుండా ఉండాలంటే కావాల్సింది అదే. తమలపాకు వేసేవాళ్ళున్నారు, కరివేపాకు, నాలుగు మెంతులు వేసేవాళ్ళున్నారు. వాసన సంగతి ఎవరి ఇష్టం వారిది గాని, ఆకు వేయడంలో ఉన్న ఈ తెలివిని మెచ్చుకోకుండా ఉండలేను. వందల రూపాయల పరికరం చెప్పే మాటను పెరట్లో చెట్టు ఉత్తపుణ్యానికి చెబుతోంది.

పొయ్యి ఆర్పాక కూడా గిన్నె వేడికి గసి ఇంకో ఛాయ ముదురుతుంది. ఆ ఛాయను ముందే లెక్క కట్టి, రంగు ఇంకా లేతగా ఉండగానే దింపాలి. పాతికేళ్ళుగా చూస్తున్నా నేను ఇప్పటికీ అరనిమిషం ఆలస్యం చేస్తాను. నా నెయ్యి ఎప్పుడూ ఆమె నెయ్యి కన్నా ఒక ఛాయ నలుపు.

వడకట్టిన నెయ్యిని ఆమె కదిలించదు, ఫ్రిజ్‌లో పెట్టదు. మూతికి గుడ్డ కట్టి, అటక కింద చీకట్లో రెండు రాత్రులు వదిలేస్తుంది. నిదానంగా చల్లబడితేనే పెద్ద పూసలు కడతాయి. హడావిడిగా చల్లారిస్తే నున్నగా, మైనంలా పేరుకుంటుంది. తినడానికి తేడా లేదంటారు కొందరు. వేడన్నంలో పూసనెయ్యి వేసుకుని, పూస కరిగీ కరగకముందే కలిపిన ముద్ద తిన్నవాళ్ళు ఆ మాట అనరు.

ఇదంతా ఎందుకు, దుకాణంలో డబ్బా దొరకదా అంటే దొరుకుతుంది. దాని కథ కూడా చిన్నదేమీ కాదు. వెన్న కొనలేని పేదలకు, సైనికులకు చవకగా ఏదైనా కావాలని ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ బహుమతి ప్రకటిస్తే, 1869లో మెజ్ మూరియే అనే రసాయనవేత్త పశువుల కొవ్వు, పాలు కలిపి మార్గరీన్ తయారుచేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతి వచ్చింది. 1937లో మన దేశంలో డాల్డా వచ్చింది. పచ్చని చెట్టు బొమ్మ వేసిన పసుపు డబ్బా మన ఇళ్ళలో బియ్యం కొలిచింది, తులసి మొక్కకు కుండీ అయింది, చివరికి అన్ని రకాల వనస్పతికీ ఆ పేరే స్థిరపడింది. నేతిలో దాన్ని కలిపి అమ్ముతున్నారని గగ్గోలు పుట్టినప్పుడు ప్రభుత్వం ఒక చమత్కారం చేసింది. వనస్పతిలో నూటికి అయిదు పాళ్ళు నువ్వుల నూనె తప్పనిసరిగా ఉండాలంది. నేతిలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చిటికెడు చక్కెర వేసి కుదిపితే, వనస్పతి కలిసిన నెయ్యి ఎర్రబడి దొంగను పట్టిస్తుంది. గానుగ నువ్వుల నూనె మన తాతల వంటింటి సరుకు, అది కల్తీకి గూఢచారి అయిందన్నమాట.

ఇప్పటి స్ప్రెడ్లన్నీ డాల్డాలు కావు, ఆ మాట ఒప్పుకోవాలి. గట్టిపరిచిన నూనెల వల్ల వచ్చే ట్రాన్స్ కొవ్వులకు మన ఆహార భద్రతా సంస్థ 2021 జనవరి నుంచి మూడు శాతం, 2022 జనవరి నుంచి రెండు శాతం హద్దు పెట్టింది. అయినా ఒకసారి డబ్బా వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. నూనె, నీరు, రెండూ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం, రంగు, నిలవ ఉంచే మందు, వెన్న వాసన. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో వాటిలో కొన్నింట వెన్న అంతే. జనవరిలోనూ మే నెలలోనూ అవి ఒకేలా మెత్తగా ఉంటాయి, ఫ్రిజ్‌లోంచి తీయగానే రొట్టె మీద పరుచుకుంటాయి. చాలామందికి అదే వాటి సుగుణం. నాకు అదే వాటి లోటుగా తోస్తుంది. వాటి తయారీలో ఎవరూ చెవి ఒగ్గి విననక్కర్లేదు.

అయితే నేతి గిన్నె పొయ్యి మీద పెట్టి ఇది మందు అని ప్రచారం చేసేవాళ్ళతో నాకు పొత్తు లేదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇదే పట్నంలో తార్నాకలో ఉంది. వెన్న, నెయ్యి కూడా మితంగా వాడమనే వాళ్ళ సలహా. అత్తమ్మ కూడా అంతే. అన్నంలోకి ఒక చెంచా, పండుగనాడు రెండు. కూరల్లోకి ఆమె వాడేది పల్లి నూనె, పచ్చళ్ళకు నువ్వుల నూనె, దొరికినప్పుడు కుసుమ నూనె. లీటరు బర్రెపాలలో కొవ్వు అరవై, డెబ్బై గ్రాములు. కిలో నెయ్యికి పదిహేను, పదహారు లీటర్ల పాలు పోవాలి. ఆ లెక్క చేతికి తెలిసినవాళ్ళు నెయ్యిని దోసె మీద కుమ్మరించరు.

దూరదేశాల్లో ఉన్న పిల్లల కోసం ఈ చుట్టుపక్కల అమ్మలు కట్టే సీసాలది ఇంకో ముచ్చట. చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లు మించిన ద్రవాలు విమానంలోకి రావు. పూసగట్టిన నెయ్యి ద్రవమా, ఘనమా అని తనిఖీ వరుసలో ఒక పెద్దాయన వాదిస్తుంటే విన్నాను. జనవరి నెల, ఆయన నెయ్యి రాయిలా ఉంది. వాదనలో బలముంది గాని, సీసా వెనక్కే వచ్చింది. పెద్ద సామానులో పెట్టి, మూతికి మూడు చుట్లు టేపు వేయండి.

అపార్టుమెంటులో ఉంటున్నాం, బర్రె ఎక్కడిది, గుంజ ఎక్కడిది అంటారా? ప్యాకెట్ పాలలో ఆరు శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ తీసుకోండి. టోన్డ్‌లో ఉండేది మూడు శాతమే. ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే వద్దు. కొవ్వు బొట్లను చితగ్గొట్టేసి ఉంటారు, మీగడ సరిగా కట్టదు. వారం పది రోజుల మీగడ చల్లటి గిన్నెలో చేర్చి, ముందురోజు రాత్రి బయటపెట్టి చెంచాడు పెరుగు కలపండి. పొద్దున్నే మిక్సీలో వేసి, ఒక్క తిప్పు, ఒక్క ఆపు చొప్పున తిప్పండి. ఆగకుండా తిప్పితే బ్లేడు వేడికి వెన్న కరిగిపోతుంది. రెండు మంచుముక్కలు దగ్గర ఉంచుకోండి. మిక్సీ మోతలోనూ చప్పుడు మారడం వినపడుతుంది, మోటారు గొంతు బరువెక్కుతుంది. అక్కడ ఆపండి. మూడు నీళ్ళలో కడగండి. కాచేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి ఫోను ఎత్తడానికి కూడా వెళ్ళొద్దు.

అడుగున మిగిలిన గసి పారేయకండి. బెల్లం తురిమి కలిపి, గిన్నె వెచ్చగా ఉండగానే పిల్లలకు పెట్టండి.